రష్యాలో చదువుకుంటూ మాస్లెనిత్స పండగ చూడాలంటే: తేదీ లెక్క నుంచి గడ్డిబొమ్మ దహనం దాకా

శీతాకాలం సెలవులు అయిపోయి హాస్టల్‌కి తిరిగొచ్చాక జూనియర్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. మాస్లెనిత్స (ఈస్టర్ ముందటి ఉపవాసం మొదలయ్యేలోపు, శీతాకాలానికి వీడ్కోలు చెబుతూ వారం పాటు చేసుకునే రష్యన్ పండగ) ఎప్పుడు, ఏ ఊరు వెళ్లాలి, ఏం వేసుకోవాలి, అక్కడ అమ్మే బ్లినీల్లో (దోసెల్లాంటి పలచటి అట్లు) మాంసం ఉంటుందా, ఒక్క రోజు క్లాస్ మానేస్తే పర్లేదా. విడివిడిగా ఎంత చెప్పినా ఏదో ఒకటి మిగిలిపోతోంది, అందుకే అన్నీ వరసగా ఇక్కడ రాస్తున్నాను.

మనవాళ్లలో చాలామంది చివరి ఆదివారం సాయంత్రం వెళ్లి, బొమ్మ కాలుతుంటే వీడియో తీసుకుని వచ్చేస్తారు. అది వారం రోజుల పండగలో ఆఖరి అరగంట మాత్రమే. ఇది ఇళ్లలో, వంటగదుల్లో, మంచు జారుడుబల్లల మీద జరిగే పండగ. కనీసం మూడు పనులు పెట్టుకోండి: వారం మధ్యలో ఒక సాయంత్రం బ్లినీలు వేయడం, శనివారమో ఆదివారమో ఒక పూట మైదానంలో ఆటలు, ఆదివారం రాత్రి తెలిసినవాళ్లతో క్షమాపణలు చెప్పుకోవడం. మిగతాదంతా వీటి చుట్టూ సర్దుకోవచ్చు.

## 1. తేదీ లెక్క

మాస్లెనిత్స తేదీ ప్రతి ఏడాదీ మారుతుంది, ఎందుకంటే అది ఆర్థడాక్స్ ఈస్టర్‌తో ముడిపడి ఉంటుంది. ఈస్టర్ ఆదివారం నుంచి 49 రోజులు వెనక్కి లెక్కపెడితే మాస్లెనిత్స ఆఖరి ఆదివారం వస్తుంది. ఆ వారం సోమవారంతోనే పండగ మొదలు.

- 2026: ఫిబ్రవరి 16 నుంచి 22 వరకు
- 2027: మార్చి 8 నుంచి 14 వరకు
- 2028: ఫిబ్రవరి 21 నుంచి 27 వరకు

ఇండియా క్యాలెండర్‌లో చూసి లెక్కేయకండి. మన క్యాలెండర్లలో ఉండే ఈస్టర్ చాలా ఏళ్లలో రష్యా ఈస్టర్ కంటే ముందే వస్తుంది. అది పట్టుకుని టికెట్ కొంటే వారాల తేడాతో తప్పిపోతారు.

ఫిబ్రవరి 23, మార్చి 8 రెండూ రష్యాలో ప్రభుత్వ సెలవులు. 2026లో పండగ ఆదివారం తర్వాతి రోజే ఫిబ్రవరి 23 కాబట్టి వరసగా మూడు రోజులు సెలవు. రైళ్లూ హోటళ్లూ ముందే నిండిపోతాయి. 2027లో పండగ మొదలయ్యే సోమవారమే మార్చి 8.

క్లాసుల సంగతి. మెడిసిన్ చదివేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఒక ప్రాక్టికల్ మానేస్తే అత్రబోత్క (మానేసిన క్లాసుని తర్వాత పూర్తి చేసుకోవడం) వెంటపడుతుంది. పండగ కోసం క్లాస్ మానేయమని నేను ఎవరికీ చెప్పను. మామూలు రోజుల్లో సాయంత్రాలు వాడుకోండి, ఊరు దాటే ప్రయాణం ఏదైనా సెలవు రోజుకే పెట్టుకోండి. కొన్ని యూనివర్సిటీల్లో శనివారం కూడా క్లాసులుంటాయి, టైమ్‌టేబుల్ చూశాకే టికెట్ తీయండి.

## 2. ఊరు ఎంచుకోవడం

మొదటి ఏడాది వాళ్లకి నా సలహా ఒక్కటే: మీరు చదివే ఊళ్లోనే చూడండి. త్వేర్ అయినా, కజాన్ అయినా పెద్ద పార్కుల్లో, ఊరి నడిబొడ్డున మైదానాల్లో పండగ చేస్తారు. కార్యక్రమం వివరాలు నగర పాలక సంస్థ పేజీలోనూ, వికాంతక్తె అనే రష్యన్ సోషల్ నెట్‌వర్క్‌లో పార్కుల గ్రూపుల్లోనూ కొద్ది రోజుల ముందు పెడతారు. "మాస్లెనిత్స" అనే మాటకి మీ ఊరి పేరు చేర్చి రష్యన్ అక్షరాల్లోనే వెతకండి, ఇంగ్లీషులో వెతికితే మాస్కో తప్ప ఏమీ రాదు.

మాస్కోలో కలోమెన్‌స్కయె, ఇజ్మాయిలవ లాంటి చోట్ల పెద్ద ఎత్తున చేస్తారు. చూడ్డానికి బాగుంటుంది కానీ జనం విపరీతం, ఆటకి మీ వంతు వచ్చేసరికి కాళ్లు గడ్డకడతాయి.

రెండో ఏడాది నుంచి పాత ఊళ్లకి వెళ్లండి. అక్కడి చెక్క ఇళ్ల మ్యూజియాల్లో ఈ పండగ చూడటం నిజంగా వేరు.

- సుజ్దల్: మాస్కో నుంచి వ్లదీమిర్‌కి వేగంగా వెళ్లే రైలులో సుమారు రెండు గంటలు, అక్కణ్ణుంచి బస్సులో ఇంకో పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ఊరు చిన్నది, నడిచి తిరగొచ్చు.
- యారొస్లావ్ల్: పండగని చాలా రోజులపాటు పెద్దగా చేసే ఊరు.
- వెలీకి నోవ్‌గొరొద్ దగ్గర వితస్లావ్లిత్సి, అర్ఖాంగెల్స్క్ దగ్గర మాలియె కరేలి, ఇర్కుత్స్క్ దగ్గర తాల్త్సి: ఇవి అలాంటి చెక్క ఇళ్ల మ్యూజియాలే, మీరు ఆ వైపు చదువుతుంటే వదలొద్దు.

కలూగ ప్రాంతంలోని నికోల-లెనీవెత్స్ అనే ఆర్ట్ పార్కులో గడ్డిబొమ్మకి బదులు పెద్ద కట్టడాన్నే కాలుస్తారు. అయితే ఊరికి దూరం, చేరడం కష్టం. కారు ఉన్న స్నేహితులుంటే తప్ప వద్దు.

## 3. కాగితాలు, టికెట్లు, డబ్బు

ఊరు దాటుతున్నారంటే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుకి చెప్పండి, తర్వాత హాస్టల్ వార్డెన్ అయిన కమెందాంత్‌కి చెప్పండి. హోటల్లో దిగితే వాళ్లు మిమ్మల్ని అక్కడ రిజిస్టర్ చేస్తారు, తిరిగొచ్చాక మీ హాస్టల్ రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చు. ఏ కాగితాలు, ఎన్ని రోజుల్లోపు ఇవ్వాలో వెళ్లకముందే అడిగి రాసుకోండి. ఈ టెన్షన్ వద్దనుకుంటే పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేసే ఊరు ఎంచుకోండి.

వెంట ఉండాల్సినవి:

- పాస్‌పోర్ట్ ఒరిజినల్, వీసా, మైగ్రేషన్ కార్డు, రిజిస్ట్రేషన్ కాగితం
- స్టూడెంట్ కార్డు (చాలా మ్యూజియాల్లో టికెట్ తగ్గుతుంది)
- మెడికల్ ఇన్సూరెన్స్ పాలసీ, దాని ఫోన్ నంబర్
- రష్యన్ బ్యాంకు కార్డు, కొంత నగదు

ఇండియాలో ఇచ్చిన వీసా, మాస్టర్‌కార్డ్ కార్డులు 2022 మార్చి నుంచి రష్యాలో పనిచేయడం లేదు. పండగ మైదానంలో ఒక్కోసారి మొబైల్ నెట్ కూడా అందదు, అప్పుడు ఫోన్‌తో డబ్బులు పంపడం కుదరదు. చిన్న నోట్లు కొన్ని విడిగా పెట్టుకోండి. మ్యాప్ ముందే ఫోన్‌లో దించుకోండి.

రైలు టికెట్ మీద స్టేషన్ పేరు రెండుసార్లు చదవండి. మాస్కోలో స్టేషన్లు చాలా ఉన్నాయి. వ్లదీమిర్ వైపు రైళ్లు కొన్ని కుర్స్కీ నుంచి, కొన్ని వస్తోచ్నీ నుంచి బయల్దేరతాయి. టికెట్‌లో పాస్‌పోర్ట్ నంబర్ ఒక్క అంకె తప్పినా రైలెక్కనివ్వకపోవచ్చు.

## 4. బట్టలు: ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు

క్లాసుకి వెళ్లే బట్టలు పండగకి సరిపోవు. కాలేజీకి నడిచేది పది పదిహేను నిమిషాలు, ఆపైన హీటర్ ఉన్న గది. పండగలో మూడు నాలుగు గంటలు బయటే, అందులో సగంసేపు కదలకుండా నిలబడటం. రోజూ వేసుకునేదానికంటే ఒక పొర ఎక్కువ అనుకోండి.

ఒంటికి తగిలే పొర థర్మల్. కాటన్ బనియన్ వద్దు, ఎందుకంటే ఆటలాడితే చెమట పడుతుంది, కాటన్ తడిసి ఆరదు, ఆ తడే పది నిమిషాల్లో వణికిస్తుంది. దాని మీద ఫ్లీస్ లేదా ఉన్ని స్వెటర్. పైన తుంటి కిందికి వచ్చే పుఖవీక్ (ఈకలు నింపిన మందపాటి జాకెట్). జీన్స్ ఒక్కటే వేసుకుని వెళ్లకండి, జారుడుబల్ల మీద రెండుసార్లు జారితే తడిసి బిగుసుకుపోతుంది. జీన్సే ఉంటే లోపల థర్మల్, వీలైతే పైన మంచు ప్యాంటు.

బూట్ల దగ్గర పొదుపు చేయకండి. అడుగు మందంగా, గాళ్లు లోతుగా, ఉన్ని సాక్సుతో వేసుకున్నా వేళ్లు కదిలేంత వదులుగా ఉండాలి. బిగుతు బూటులో మూడు జతల సాక్సులు వేస్తే కాలు వెచ్చబడదు, రక్తం ఆడక ఇంకా చల్లబడుతుంది.

తేదీని బట్టి బూటు మారుతుంది. ఫిబ్రవరిలో పండగ వస్తే, కజాన్, పెర్మ్ వైపు -15 డిగ్రీలు మామూలే, పొడి మంచు, వాలెంకి అనే ఉన్ని బూట్లు కూడా పనికొస్తాయి. 2027లోలాగా మార్చి మధ్యలో వస్తే పగలు మంచు కరిగి బురద, రాత్రి అదే గడ్డకట్టి అద్దంలా జారుతుంది. అప్పుడు నీళ్లు పట్టని బూట్లే కావాలి, వాలెంకి పనికిరావు.

బయల్దేరే ముందు చూసుకోండి:

- చెవులు పూర్తిగా మూసే టోపీ
- మెడకి స్కార్ఫ్, ముక్కు దాకా లాక్కునేంత పొడవు
- వేళ్లన్నీ ఒకచోట ఉండే వారెష్కి, లోపల పలచటి గ్లౌజులు (ఫోన్ తీయడానికి)
- బ్యాగులో ఇంకో జత సాక్సులు, కవర్లో చుట్టి
- ముఖానికి జిడ్డు ఎక్కువున్న క్రీమ్, బయటికెళ్లే అరగంట ముందే
- పెదాలకి వాజెలిన్
- ఫోన్, పవర్ బ్యాంక్ లోపలి జేబులో (చలికి బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది)
- టిష్యూలు (తాత్కాలిక టాయిలెట్లలో ఉండవు)

మెట్రోలో, బస్సులో జాకెట్ జిప్పు తీసేయండి. లోపల చెమట పట్టించుకుని బయటికి వస్తే ఆ తడికి వణుకు పుడుతుంది.

## 5. వారంలో ఏ రోజు ఏం చేయాలి

మొదటి మూడు రోజులు చిన్న మాస్లెనిత్స, గురువారం నుంచి పెద్ద మాస్లెనిత్స. ప్రతి రోజుకీ పేరుంది. అన్నీ పాటించాలని లేదు, చదువుకునేవాళ్లకి కుదిరే పద్ధతి ఇది.

సోమవారం, వ్స్త్రేచ. స్వాగతం. సామాన్లు కొనే రోజు.

మంగళవారం, జైగ్రిషి. పాతకాలంలో పెళ్లికాని కుర్రకారు మంచు కొండల మీద జారుతూ పరిచయాలు చేసుకునే రోజు. క్లాసయ్యాక దగ్గర్లోని పార్కులో మంచు జారుడుబల్ల ఎక్కడుందో చూసిరండి.

బుధవారం, లాకొమ్క. తిండి రోజు. హాస్టల్లో బ్లినీల సాయంత్రం పెట్టుకోవడానికి ఇంతకంటే మంచి రోజు లేదు.

గురువారం, రజ్గూల్. అసలు సందడి ఇక్కడి నుంచే. సాయంత్రం ఊళ్లో పాటలు, నాట్యాలు మొదలవుతాయి.

శుక్రవారం, త్యోషిని వెచోర్కి. అల్లుడు అత్తగారిని ఇంటికి పిలిచే రోజు. రష్యన్ స్నేహితులు ఇంటి పనిలో ఉంటారు, మీరు చదువుకోండి.

శనివారం, జలోవ్కిని పసిదేల్కి. కొత్త కోడలు ఆడపడుచులని పిలిచి కానుకలిచ్చే రోజు. మైదానంలో ఆటలకి శనివారమే మేలు, ఆదివారం కంటే జనం పలచగా ఉంటారు.

ఆదివారం, ప్రష్యోనయె వస్క్రెసేన్యె. క్షమాపణల ఆదివారం. పగలో సాయంత్రమో దహనం, రాత్రి క్షమాపణలు. మర్నాటి నుంచి ఈస్టర్ దాకా సాగే ఉపవాసం మొదలు.

## 6. హాస్టల్ వంటగదిలో బ్లినీలు

ఇది వదిలేయకండి. స్టాల్లో బ్లిన్ కొనుక్కుని తింటే కడుపు నిండుతుంది, అంతే. అదే మీ ఫ్లోర్లో ఉండే రష్యన్ అమ్మాయినో, గ్రూపులో తెలిసిన కుర్రాడినో "మాకు నేర్పించు" అని పిలిస్తే మూడు గంటలు ఒకే పొయ్యి దగ్గర గడుస్తాయి. భాష రాకపోయినా పని నడుస్తుంది. బయటి నుంచి వచ్చే అతిథికి పాస్ కావాలేమో, ఎన్నింటికి గేటు మూస్తారో కమెందాంత్‌ని ముందే అడగండి.

సుమారు 15 బ్లినీలకి:

- పాలు అర లీటరు (ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి వచ్చినవి)
- గుడ్లు 2
- గోధుమ ముకా (పిండి), పై రకం, 200 గ్రాములు (దాదాపు మన మైదాలాగే ఉంటుంది)
- పంచదార 1 పెద్ద చెంచా, ఉప్పు అర చిన్న చెంచా
- నూనె 2 పెద్ద చెంచాలు
- పైన రాయడానికి వెన్న

వరస:

1. గుడ్లు, ఉప్పు, పంచదార బాగా గిలక్కొట్టండి.
2. పాలలో సగం కంటే తక్కువ పోసి, పిండి వేసి, ఉండల్లేకుండా చిక్కగా కలపండి.
3. మిగతా పాలు కొద్దికొద్దిగా పోస్తూ పలచన చేయండి. చివర్లో నూనె.
4. అరగంట పక్కన పెట్టండి.
5. పెనం బాగా కాలాక కొంచెం నూనె రాయండి. ఇక్కడ ఫోర్కుకి సగం బంగాళాదుంప గుచ్చి నూనెలో ముంచి రుద్దుతారు, ఉల్లిపాయ ముక్కతోనూ పనవుతుంది.
6. పెనం చేత్తో ఎత్తి, ఒక గరిటె పిండి మధ్యలో పోసి, పెనాన్నే గుండ్రంగా వంచుతూ తిప్పండి.
7. అంచులు గోధుమ రంగుకి వచ్చాక పలచటి గరిటెతో తిప్పేయండి. రెండో వైపు అర నిమిషం చాలు.
8. తీసిన వెంటనే వెన్న రాసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన మూత పెట్టండి.

దోసెలు వేసే చేతులకి ఆరో మెట్టు దగ్గర అలవాటు అడ్డం వస్తుంది. పిండి పోసి గరిటె అడుగుతో రుద్దకండి. బ్లినీ పిండి రవ్వ దోసె పిండంత జారుగా ఉంటుంది, పెనం వంచితే దానంతటదే పరుచుకుంటుంది. గరిటె పెడితే చిరుగుతుంది.

తేడా వస్తే:

- మొదటిది అంటుకుని ముద్దయింది: పెనం చాలినంత కాలలేదు. రష్యన్లకి కూడా మొదటి బ్లిన్ ముద్దే అవుతుందని సామెత ఉంది. కరెంటు పొయ్యి నిదానం కాబట్టి ఐదారు నిమిషాలు ఖాళీ పెనం కాల్చండి.
- తిప్పుతుంటే చిరుగుతోంది: రెండు చెంచాల పిండి కలిపి పది నిమిషాలు ఆగండి. అయినా చిరిగితే ఇంకో గుడ్డు.
- మందంగా వస్తోంది: వేడి నీళ్లు పావు గ్లాసు, కలుపుతూ పోయండి.
- ఉండలు కట్టింది: వడకట్టేయండి, వేరే మార్గం లేదు.
- అంచులు అప్పడంలా విరుగుతున్నాయి: మూత పెట్టి పది నిమిషాలు ఉంచితే మెత్తబడతాయి.

గుడ్డు తిననివాళ్లు గుడ్లు మానేసి పిండిలో ఒక పెద్ద చెంచా మొక్కజొన్న స్టార్చ్, చిటికెడు వంట సోడా వేసుకోండి. కొంచెం సున్నితంగా వస్తాయి, చిన్నవిగా వేయండి.

నంచుకోవడానికి స్మెతాన (పులిసిన మీగడ), తేనె, వరేన్యె (పండ్ల జామ్), స్గుషోంక (తీపి కండెన్స్‌డ్ మిల్క్), త్వొరొగ్ (పనీర్‌లాంటి విరిగిన పాలముద్ద). మనవాళ్లు పల్లీ చట్నీ కూడా పెడతారు. పెట్టండి, రష్యన్ స్నేహితులు ఇష్టంగా తింటారు. కాకపోతే కారం సగానికి తగ్గించండి, పల్లీ అలర్జీ ఉందేమో ముందే అడగండి.

## 7. మైదానంలో అడుగుపెట్టాక

దహనం వేళకంటే కనీసం రెండున్నర గంటల ముందు చేరండి. ప్రవేశం దగ్గర బ్యాగులు తనిఖీ చేస్తారు. గాజు సీసాలు, కత్తులు, లైటర్లు తేవద్దు. పెద్ద బ్యాగుంటే లైన్ ఆలస్యం.

లోపలికెళ్లగానే మొదటి పని, గుంపులో తప్పిపోతే కలుసుకునే చోటు నిర్ణయించుకోవడం. "స్టేజీ దగ్గర" అంటే చాలదు, అక్కడ వందలమంది ఉంటారు. గేటు బయట ఉన్న ఏదో ఒక బస్టాపు, దుకాణం పేరు అందరూ ఫోటో తీసుకోండి.

తర్వాత ఆటలు, ఆ తర్వాత తిండి. ముందే తిని జారుడుబల్ల ఎక్కితే ఇబ్బంది.

తిండి దగ్గర ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చర్చి నియమం ప్రకారం ఈ వారం మాంసం తినరు, పాలు, గుడ్లు, చేప తింటారు. అది నమ్మి "ఇక్కడ అంతా వెజ్" అనుకోకండి. స్టాళ్లలో హామ్ పెట్టిన బ్లినీలు, పక్కనే షష్లీక్ (ఊచలకి గుచ్చి కాల్చిన మాంసం) మామూలుగా అమ్ముతారు. బోర్డు మీద ఈ మాటలు గుర్తుపట్టండి:

- గవ్యాదిన: గొడ్డు మాంసం
- స్వినీన, వెత్చినా, బెకోన్: పంది మాంసం
- కూరిత్స: కోడి
- ర్యీబ, లసోస్: చేప. ఇక్రా: చేప గుడ్లు
- గ్రిబీ: పుట్టగొడుగులు. కపూస్త: క్యాబేజీ. సీర్: చీజ్

తాగడానికి స్బితెన్ అడగండి, తేనె, మసాలా దినుసులతో కాచిన వేడి పానీయం, గొంతుకి హాయిగా ఉంటుంది. మెదవూఖలో (తేనె పులియబెట్టి చేసే పానీయం) మద్యం ఉంటుంది, గ్లింత్వేయిన్ (మసాలాలతో కాచిన వేడి ద్రాక్ష పానీయం) మద్యంతోనూ మద్యం లేకుండానూ అమ్ముతారు. తీసుకునేముందు "బెజల్కగోల్నియ్?" (మద్యం లేనిదేనా) అని అడగండి. వీధుల్లో, పార్కుల్లో మద్యం సీసా తెరిచి తాగడం రష్యాలో నిషేధం. ఎవరైనా వోద్కా అందిస్తే నవ్వుతూ "స్పసీబ, యా నె ప్యూ" (థాంక్స్, నేను తాగను) అంటే చాలు. తాగి మీదకొచ్చేవాళ్లతో వాదన వద్దు, పక్కకి జరిగిపోండి.

పోలీసుల, సైనికుల ఫోటోలు తీయొద్దు. యుద్ధం గురించి, రాజకీయాల గురించి ముక్కూ మొహం తెలియనివాళ్లతో మాట్లాడొద్దు.

## 8. ఏ ఆట ఆడాలి, ఏది చూస్తే చాలు

కళ్లు మూసుకుని ఆడొచ్చు: ఖొరవోద్ (చేతులు పట్టుకుని గుండ్రంగా నడిచే నాట్యం), రుచెయోక్ (జంటలు చేతులెత్తి నిలబడితే కిందనుంచి దూరి వెళ్లే ఆట), తాడు లాగుడు. ఖొరవోద్‌లో ఎవరో పిలవాలని ఆగకండి. ఇద్దరి మధ్య చేతులు చాపితే వాళ్లే దారిస్తారు. అడుగులు రాకపోయినా ఎవరూ పట్టించుకోరు.

జాగ్రత్తగా ఆడాలి: మంచు జారుడుబల్ల, వత్రూష్క అనే గాలి ట్యూబు. ముందువాళ్లు కిందనుంచి పూర్తిగా తప్పుకున్నాకే జారండి. కూర్చునే జారండి, నిలబడి వద్దు. కిందికి చేరగానే పక్కకి దొర్లి లేవండి. దుంగ మీద నిలబడి గడ్డి మూటలతో కొట్టుకునే ఆట కింద మెత్తగా ఉంటేనే ఎక్కండి.

చూస్తే చాలు: స్తెంక న స్తెంకు, అంటే రెండు వరసలుగా నిలబడి పిడిగుద్దులాడటం. మంచు పట్టిన నున్నటి స్తంభం ఎక్కి బహుమతి అందుకోవడం. ఇవి అలవాటున్నవాళ్ల ఆటలు. మణికట్టు విరిగితే సెమిస్టర్ ప్రాక్టికల్స్ పోతాయి. మీ ఇన్సూరెన్స్ ఇలాంటి దెబ్బలకి వర్తిస్తుందో లేదో ఒకసారి చదివి పెట్టుకోండి.

## 9. గడ్డిబొమ్మ దహనం

చూచెల అంటే శీతాకాలానికి ప్రతిరూపంగా నిలబెట్టే గడ్డిబొమ్మ. కొన్ని చోట్ల జనం కాగితాల మీద వదిలించుకోవాలనుకున్నవి రాసి దానికి కడతారు. కార్యకర్తలని అడిగి మీరూ కట్టొచ్చు, వెలిగించే వేళకి దగ్గరికి రానివ్వరు కాబట్టి ముందే.

- గాలి ఎటు వీస్తోందో చూసి, గాలి వచ్చే వైపు నిలబడండి. పొగ, నిప్పురవ్వలు అటు రావు.
- పుఖవీక్ పైగుడ్డ నైలాన్. ఒక్క నిప్పురవ్వ పడినా కరిగి రంధ్రం పడుతుంది. మొదటి వరసకంటే నాలుగో వరస మేలు.
- కంచె దాటకండి, ఎవరు దాటినా మీరు దాటకండి.
- వీడియో ఒక నిమిషం తీసి ఫోన్ లోపల పెట్టండి. చేతులు గడ్డకడతాయి, పైగా చుట్టూ పాడే పాటలు అప్పుడే బాగా వినపడతాయి.
- బొమ్మ కూలగానే జనమంతా ఒక్కసారే మెట్రో వైపు కదులుతారు. ఇరవై నిమిషాలు ఆగి ఒక టీ తాగి వెళ్లండి.

## 10. ఆదివారం రాత్రి, ఇంటికి పిలిస్తే

నా ఉద్దేశంలో పండగ మొత్తంలో పెద్ద విషయం ఇదే, మనవాళ్లు ఎక్కువగా వదిలేసేదీ ఇదే. ఈ రోజు ఇంట్లోవాళ్లు, స్నేహితులు ఒకరినొకరు క్షమించమని అడుగుతారు. ఒకరు "ప్రస్తీ మిన్యా" అంటే రెండోవారు "బోగ్ ప్రస్తీత్, ఇ యా ప్రషాయు" అంటారు: దేవుడు క్షమిస్తాడు, నేనూ క్షమిస్తున్నాను అని. టీచర్లకి, పెద్దవాళ్లకి "ప్రస్తీత్యె మిన్యా" అనాలి, పేరుతో పాటు తండ్రి పేరూ కలిపి పిలవాలి. మీతో మాట పడిన రూమ్మేట్ ఉంటే ఈ రాత్రి వెళ్లి చెప్పండి. సందర్భం ఉంది కాబట్టి మొహమాటం తక్కువ.

ఎవరైనా ఇంటికి పిలిస్తే:

- చేతులూపుకుంటూ వెళ్లొద్దు. కేకో, టీ పొడి డబ్బానో, పూలో. పూలు బేసి సంఖ్యలోనే, సరి సంఖ్య చావు ఇంటికి.
- గుమ్మం అడ్డంగా కరచాలనం చేయరు. లోపలికి వెళ్లాకే.
- బూట్లు విప్పి వాళ్లిచ్చే తాపచ్కి (ఇంట్లో వేసుకునే చెప్పులు) వేసుకోండి. సాక్సు చిరగనిది చూసుకోండి.
- మాంసం తినకపోతే పిలిచిన రోజే చెప్పండి, భోజనం దగ్గర కాదు.

చర్చిలో సాయంత్రం క్షమాపణ ప్రార్థన జరుగుతుంది, మతంతో పని లేకుండా వెనక నిలబడి చూడొచ్చు. ఆడవాళ్లు తలకి స్కార్ఫ్ కట్టుకోవాలి, మగవాళ్లు టోపీ తీయాలి. అడగకుండా ఫోటోలు వద్దు.

## 11. తేడా చేస్తే

అన్ని అత్యవసరాలకీ 112. అంబులెన్స్ 103, పోలీస్ 102, ఫైర్ 101.

చెంప, ముక్కు, వేలు తెల్లబడి స్పర్శ తెలియకపోతే వెంటనే వెచ్చటి చోటికి వెళ్లండి. మంచుతో రుద్దకండి, నిప్పు దగ్గర పెట్టకండి, గట్టిగా మర్దన చేయకండి, మద్యం తాగకండి. తడి బట్టలు తీసి, పొడిగుడ్డతో చుట్టి, వేడి టీ తాగండి. స్పర్శ తిరిగి రాకపోయినా, బొబ్బలు వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. స్నేహితుడు వణకడం ఆపేసి మాట తడబడుతుంటే అది ఇంకా ప్రమాదం, ఆలోచించకుండా 112 చేయండి.

ఒకరి ముఖం ఒకరు అరగంటకోసారి చూసుకోండి. సొంత ముక్కు తెల్లబడితే మనకి కనపడదు.

## 12. చాలినన్ని మాటలు

- స్ మాస్లెనిత్సెయ్! (పండగ శుభాకాంక్షలు)
- ష్తో వ్నుత్రీ? (లోపల ఏముంది)
- బేజ్ మ్యాస, పజాలుస్త (మాంసం లేకుండా ఇవ్వండి)
- స్కోల్క స్తోయిత్? (ఎంత)
- మోష్న స్ వామి? (మీతో కలవచ్చా)
- మోష్న స్ఫతగ్రఫీరవత్? (ఫోటో తీయొచ్చా)
- గ్ద్యె తుఅల్యెత్? (టాయిలెట్ ఎక్కడ)
- పమగీత్యె, పజాలుస్త (సాయం చేయండి)

## 13. సోమవారం పొద్దున

తడి బూట్లు రేడియేటర్ మీద పెట్టకండి, అడుగు ఊడుతుంది. లోపల వార్తాపత్రిక కుక్కి గది మధ్యలో ఉంచి, రెండు గంటలకోసారి కాగితం మార్చండి.

హోటల్లో దిగినవాళ్లు ఆ రిజిస్ట్రేషన్ కాగితం, టికెట్లు తీసుకుని మొదటి క్లాస్ విరామంలోనే ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లండి. మిగిలిన బ్లినీలు ఉపవాసం ఉండే టీచర్‌కి పట్టుకెళ్లకండి, ఈ రోజు నుంచి వాళ్లు పాలు, వెన్న, గుడ్లు ముట్టరు. మీ ఫ్లోర్లో వాళ్లకి పంచేయండి.

ప్రాక్టికల్ ఏదైనా మానేసి ఉంటే, అత్రబోత్క తేదీ ఈ రోజే అడిగి రాయించుకోండి.